పేరు దిద్దబోతే పోయిన గది

టైర్ల దుకాణం మీది మేడలో బావగారి సాఫ్ట్‌వేర్ కంపెనీ. ఉన్నవి నాలుగు కుర్చీలు. వాటిలో నిజంగా పని జరిగే కుర్చీ ఒక్కటే, అది మరదలిది. ఆ మాట ఆమె పైకి ఎన్నడూ అనలేదు గానీ, లోపల అనుకోని రోజంటూ లేదు.

ఆ మధ్య బావ ఒక నిపుణుణ్ణి తెచ్చి నెత్తిన పెట్టుకున్నాడు. ఏదో పెద్ద కంపెనీలో చేసి వచ్చాడట. అక్కడ ఎందుకు మానేశాడో బావ అడగలేదు. పనితనం చూశాక మరదలికి అడగాల్సిన అవసరం కనిపించలేదు. చేతిలో ఎప్పుడూ రెండు ఫోన్లుండేవి కాబట్టి, మనసులో ఆయనకు రెండు ఫోన్లాయన అని పేరు పెట్టుకుంది.

ఒక మ్యూజియం వాళ్ల పురుగుల సేకరణకు ప్రోగ్రాం రాయాలి. తెరకు ఎడమ పక్కన చెట్టులా కొమ్మలుంటాయి. భవనం మీద నొక్కితే గదులు, గది మీద నొక్కితే బీరువాలు, ఆ తర్వాత సొరుగులు, సొరుగుల్లో పురుగులు. ఆ చెట్టు పని రెండు ఫోన్లాయన తానే చేస్తానన్నాడు. ఒక క్లిక్‌కి కొమ్మ తెరుచుకోవాలి, మరో క్లిక్‌కి మూసుకోవాలి, డబుల్ క్లిక్ చేస్తే పేరు మార్చుకోవచ్చు. డబుల్ క్లిక్ అంటే ముందు రెండు క్లిక్కులే కదా అన్న ఆలోచన ఆ బుర్రకు తట్టలేదు. పేరు మారుద్దామని నొక్కినప్పుడల్లా కొమ్మ టక్కున తెరుచుకుని, టక్కున మూసుకుని, ఆ తర్వాతే పేరు రాసే పెట్టె వచ్చేది.

"ఏంటి సార్, అలా కొట్టుకుంటోంది?" అని అడిగింది మరదలు.

"అది యానిమేషనమ్మా. వాడేవాళ్లకి ఒక ఫీల్ రావాలి."

బావ మురిసిపోయాడు. "చూశావా! మనకి తట్టవు ఇలాంటివి."

"నిజమే బావా, మనకి తట్టవు," అంది.

కీబోర్డు సంగతి ఇంకా ఘోరం. బాణం మీటలు ఎన్ని నొక్కినా చెట్టు ఉలకదు, పలకదు. మౌస్ ఉండగా కీబోర్డు ఎవరు ముట్టుకుంటారని ఆయన వాదన. ఒక్క డిలీట్ మీట మాత్రం, బావ అడిగాడు కాబట్టి, పెట్టాడు. నొక్కితే ఎంచుకున్న కొమ్మ పోతుంది, నిజంగా తీసెయ్యాలా అని కూడా అడగదు. పైగా పేరు దిద్దుతున్నప్పుడు కూడా ఆ మీట చెట్టుకే చేరేది. అక్షరం చెరపబోతే కొమ్మే ఊడిపోతుంది.

"పేరు రాసే పెట్టె తెరిచి ఉన్నంతసేపూ మీటల్ని చెట్టు దాకా పోనివ్వకూడదు సార్. చిన్న పనే," అని చెప్పి చూసింది.

"నువ్వింకా నేర్చుకోవాలమ్మా," అన్నాడాయన ఫోను మీంచి తలెత్తకుండా.

ఇంక నోరు విప్పితే ఒట్టు అనుకుంది మరదలు.

మ్యూజియం అధికారిణి చూడటానికి వచ్చింది. బావ రెండు ఫోన్లాయన్ని "మా చీఫ్ ఆర్కిటెక్ట్" అని పరిచయం చేశాడు. మరదలి వైపు చెయ్యి ఊపి, "మా మరదలు. సాయంగా ఉంటుంది," అన్నాడు. ఆవిడ తలాడించి మౌస్ తనే అందుకుంది. ఒక చోట 'తూనీగలల గది' అని తప్పు పడింది. దాని మీద డబుల్ క్లిక్ చేసింది. కొమ్మ కొట్టుకుంది, పెట్టె వచ్చింది. ఎక్కువైన అక్షరం ముందు కర్సర్ నిలిపి, వేలు డిలీట్ మీట మీదికి తీసుకెళ్లింది.

మరదలు చూసింది. 'ఆగండి' అంటే సరిపోయేది. అనలేదు. తల తిప్పి రెండు ఫోన్లాయన మొహం చూస్తూ కూర్చుంది.

గది మాయమైంది.

"గదేదీ?" అంది ఆవిడ.

"నెట్‌వర్క్ మేడమ్."

"నెట్‌వర్కు గదిని ఎత్తుకుపోతుందా?"

బావ బిక్కమొహం వేసుకుని మరదలి వంక చూశాడు. అప్పుడు మరదలు నోరు విప్పి, ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పింది. ఆవిడ అంతా విని లేచింది. "సరిచెయ్యండి. ఈసారి ఈ అమ్మాయే చూపించాలి," అని వెళ్లిపోయింది.

మరదలికి కడుపు నిండినట్టయింది. అది ఎంతోసేపు లేదు.

"ఆ గదిలో పేర్లన్నీ మీ అక్కే టైపు కొట్టింది," అన్నాడు బావ నీరసంగా. "నెల రోజులు మధ్యాహ్నం నడుం వాల్చకుండా. పొద్దున్నే తెచ్చి ఎక్కించాను. కాపీ ఉంది కదా సార్?"

"రేపట్నించి పెడదామనుకున్నాను," అన్నాడు రెండు ఫోన్లాయన.

అవి చూపించడానికి పెట్టిన ఉత్తుత్తి పేర్లే అని అప్పటిదాకా అనుకుంది మరదలు. సాయంత్రం అక్క ఇంటికి వెళ్లింది. తను ఆపలేదన్న సంగతి చెప్పకుండా తప్పించుకోవచ్చు, అక్కకు ఎవరూ చెప్పరు. అయినా చెప్పింది.

"పోతుందని నాకు ముందే తెలుసక్కా. ఆపలేదు."

"ఎందుకే?"

"ఆయన మొహం చూద్దామని."

"చూశావా?"

"ఆ."

"ఎలా ఉంది?"

"ఎప్పట్లాగే. వాడికేం కాలేదు."

అక్క లోపలికెళ్లి మ్యూజియం కాగితాల కట్ట తెచ్చి బల్ల మీద పడేసింది. "నా కళ్లు లాగేస్తున్నాయి. నేను చదువుతా, నువ్వు కొట్టు."

చెట్టును మరదలు ఆ వారమే బాగుచేసింది. పక్కనున్న గుర్తు నొక్కితేనే కొమ్మ తెరుచుకుంటుంది, బాణాలతో పైకీ కిందికీ పోవచ్చు, పేరు దిద్దేటప్పుడు మీటలు చెట్టు దాకా పోవు, మిగతా వేళ డిలీట్ నొక్కితే ముందు అడుగుతుంది. మ్యూజియం వాళ్లు ఒప్పుకున్నారు. రెండు ఫోన్లాయన్ని బావ మానిపించలేదు, కొమ్మల పక్కన పెట్టే బొమ్మలు, వాటి రంగులు ఎంచమన్నాడు. ఆయన ఒక ఆకుపచ్చకూ ఇంకో ఆకుపచ్చకూ మధ్య ఎటూ తేల్చుకోలేక రోజుకోసారి అందర్నీ పిలిచి అడిగేవాడు. మరదలు తలెత్తేది కాదు. కొట్టాల్సిన తూనీగలు ఇంకా సగం గది మిగిలే ఉన్నాయి.