చేపల్లో వాటా

నిజాంపట్నం రేవులో అప్పారావు బోటుమీద వల లాగే కళాసుగా పనిచేసే వీరబ్రహ్మానికి కొన్నాళ్లుగా ఎక్కడా కాలు నిలవడం లేదు. తండ్రుల కాలంలో పడిన చేపలో సగం పడవకీ, సగం కళాసులకీ వచ్చేది. ఇంజన్లు వచ్చాక కళాసులకి మూడోవంతే మిగిలింది. ఇప్పుడు కొత్త బోటు పేరు చెప్పి అప్పారావు నాలుగోవంతే ఇస్తానంటున్నాడు.

భార్య అంజమ్మ పోరగా పోరగా, వీరబ్రహ్మం అప్పారావు మేడకి వెళ్లాడు.

“మన అయ్యలిద్దరూ ఒకే వల లాగారు బావా. చేప పెరిగేకొద్దీ మా వాటా ఎందుకు తగ్గుద్ది?”

“నాలుగోవంతైనా మీ చేతికొచ్చేది నిరుటికన్నా ఎక్కువే కదా,” అన్నాడు అప్పారావు.

అది నిజమే.

“నాకు చారెడు పెరిగితే నీకు గంపెడు పెరిగింది,” అన్నాడు వీరబ్రహ్మం.

అప్పారావు కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. “బోటు నడిపే సరంగు పని నీకిస్తా. విడిగా ఇంకో వాటా కూడా ఇస్తా. మిగతావాళ్లకి చెప్పమాక.”

దారి పొడుగునా వీరబ్రహ్మం ఆ వాటాతో మనసులోనే ఇంటికి స్లాబు వేశాడు, కూతురు ఇందుని బాపట్ల కాలేజీలో చేర్పించాడు. రేవులో తోటి కళాసులు, “ఏమన్నాడన్నా?” అంటూ చుట్టూ చేరారు. ఆ ముఖాలు చూశాక దాచడం అతనివల్ల కాలేదు.

మర్నాడు ఎవరూ బోటెక్కలేదు. నింపిన ఐసు కరిగిపోతుంటే అప్పారావు దిగివచ్చి మూడోవంతుకి ఒప్పుకున్నాడు. సరంగు పని మాత్రం రేపల్లె మనిషికిచ్చాడు.

“మంచి పనే చేశావులే,” అంది అంజమ్మ. ఆ మాటలో మెప్పెంతో నిష్ఠూరమెంతో తేలక, వీరబ్రహ్మం మళ్లీ వీధిలోకి లేచి వెళ్లాడు.