నిచ్చెన పట్టుకున్న మనిషి

"పాదాలు కడిగించుకునేవారు ఇంటిదగ్గరే శుభ్రంగా కడుక్కుని రావలెను." చీటీ కింద ఐక్యతా కమిటీ ముద్ర.

కత్తెరక్క రెండుసార్లు చదివి, చీటీని మిషను సొరుగులో పడేసింది. ఆమె దర్జీ. కత్తెర కన్నా నాలుక పదునని సంఘంలో అందరూ పెట్టిన పేరది.

వాళ్ళ చర్చిలో పై హాల్లో తొమ్మిదింటికి తెల్లవాళ్ళ ఆరాధన, కింద నేలమాళిగలో పదకొండింటికి నల్లవాళ్ళ ఆరాధన. దేవుడొక్కడే కాబట్టి ఆయనే మెట్లు దిగి రావాలి. ముప్పై ఏళ్ళుగా దిగుతున్నాడు పాపం. ఈ ఏడు పైవాళ్ళకి ఉన్నట్టుండి ఐక్యత గుర్తొచ్చింది. ఐక్యతా ఆదివారం నాడు కమిటీ ఛైర్మన్‌గారు, ఏసు తన శిష్యులకి కడిగినట్టు, ఒక నల్ల సోదరి పాదాలు కడుగుతారు. ఫొటోగ్రాఫరు వస్తాడు.

"ఇంతమందిలో నిన్నే ఎందుకు ఏరుకున్నారే?" అంది పిన్ని.

"నా పాదాలు చిన్నవట పిన్నీ. పళ్ళెంలో సరిపోతాయట."

నవ్వింది కానీ ఆమె ప్రాణం ప్రాణంలో లేదు. తమ్ముడు జైల్లో ఉన్నాడు. మంగళవారం నాలుగింటికి గడియారాల కొట్లో దొంగతనం జరిగింది. "నల్లగా, పొడుగ్గా ఉన్నాడు" అన్నాడు కాపలావాడు. ఆ లెక్కన నేలమాళిగలో సగంమంది దొంగలే. పోలీసులకి ముందు ఎదురైన నల్లటి పొడుగువాడు ఆమె తమ్ముడు, చేతిలో కరెంటు పని సామాన్ల పెట్టెతో. నిజానికి నాలుగింటికి వాడు చర్చి పై హాల్లో నిచ్చెనెక్కి దీపం బిగిస్తున్నాడు. కింద నిచ్చెన పట్టుకున్నది సాక్షాత్తూ ఛైర్మన్‌గారే. ఆ మాట ఆయన రాసి సంతకం చేస్తే సోమవారం వాడిని బయటికి తెస్తానన్నాడు లాయరు.

ఆమె ఛైర్మన్‌గారి ఇంటికి మూడుసార్లు తిరిగింది. మొదటిసారి ఆయన, "ప్రార్థిస్తున్నామమ్మా" అన్నాడు. రెండోసారి, "కోర్టు గొడవల్లోకి సంఘాన్ని లాగితే ఐక్యత దెబ్బతింటుంది" అన్నాడు. మూడోసారి తలుపు సందులోంచి ఆయన భార్య, "కుదరదమ్మా, మోకాళ్ళ మీద కూర్చోవడం సాధన చేస్తున్నారు" అంది.

ఆదివారం వచ్చింది. తెలుపొకరు, నలుపొకరు చొప్పున జనాన్ని బెంచీల్లో కూర్చోబెట్టారు. మొగుడూ పెళ్ళాలు చెరో మూలకీ పోయారు. పిన్నికి అటూ ఇటూ కూర్చున్న ఇద్దరు అమ్మగార్లూ చిరునవ్వు నవ్వి, చేతిసంచులు ఒళ్ళోకి లాక్కున్నారు.

కత్తెరక్కని వేదిక మీద కుర్చీలో కూర్చోబెట్టారు. ఛైర్మన్‌గారు భుజాన తువ్వాలుతో మోకరిల్లాడు. ఫొటోగ్రాఫరు ముందుకొచ్చాడు. పాట అందుకున్నారు.

ఆమె బూట్లు విప్పలేదు. సంచిలోంచి కాగితం, పెన్ను తీసింది.

"ఇదేంటమ్మా?" గుసగుసలాడాడు ఛైర్మన్.

"లాయరుగారు రాసిచ్చారండి. మంగళవారం నాలుగింటికి నిచ్చెన పట్టుకున్నది మీరేనా, కాదా?"

"అది తర్వాత చూద్దాం."

"తర్వాతంటే సోమవారం దాటిపోతుందండి."

"జనం చూస్తున్నారమ్మా!"

"చూడనివ్వండి. అందుకేగా పిలిచారు."

పాట అయిపోయింది. మళ్ళీ మొదలెట్టారు. మూడోసారికి గాయకులకే విసుగొచ్చింది. ఛైర్మన్‌గారి మోకాళ్ళు వణికాయి. సాధన చేసింది రెండు నిమిషాలకే.

"అక్కా, బూట్లు..." అన్నాడు పాస్టరు మెల్లగా.

"ఒక్క క్షణం పాస్టరుగారూ. ఛైర్మన్‌గారికి ఏదో గుర్తు రావడంలేదు."

ఆర్గను వాయించే ముసలావిడ టక్కున చేతులాపింది. పాట మధ్యలోనే తెగింది.

"గుర్తు రాకపోవడమేంటి? నిచ్చెన పట్టుకుని, గోడకి మరక చేస్తున్నావంటూ ఆ కుర్రాణ్ణి తిట్టింది మీరే కదా! ఆ అరుపులకి, ఇక్కడే సాధన చేసుకుంటున్న నేను రెండుసార్లు స్వరం తప్పాను."

కత్తెరక్క ఆవిడ వైపు తిరిగింది. "మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేమండీ?"

"నన్నెవరూ అడగలేదమ్మాయ్."

"మా వాణ్ణి పట్టుకెళ్ళిన సంగతి తెలుసా?"

"తెలుసు." ముసలావిడ మొహం కందగడ్డ అయింది.

"ఇప్పుడడుగుతున్నాను."

ఆవిడ లేచి వచ్చింది. పాటల పుస్తకం మీద కాగితం పెట్టుకుని, సాక్షిగా తన పేరు రాసి సంతకం చేసింది. తర్వాత పెన్ను ఛైర్మన్‌గారి ముక్కుకింద పెట్టింది. ఆయన బెంచీల వైపు చూశాడు, కెమెరా వైపు చూశాడు. ఎటూ దారి లేక సంతకం గిలికాడు.

కత్తెరక్క సిరా ఆరేదాకా ఊదింది, మడిచింది, లేచింది.

"మరి... ఫొటో?" అన్నాడాయన నేలమీంచే.

"రేపు కోర్టు మెట్ల మీద దిగుదాం, రండి. తమ్ముడు కూడా ఉంటాడు."

"రేపు నాకు కొంచెం..."

ఆ ముక్క వినడానికి ఆమె అక్కడ లేదు. లాయరు ఇంటివైపు వీధిలో అప్పటికే పరుగులాంటి నడకలో ఉంది.