నా మీద పెట్టిన బొట్టు

నేను ఒక కారు బ్యాటరీని. నన్ను కొన్న డ్రైవరు లోవరాజు భార్య నూకరత్నానికి లోకంలో అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. హైవే మీద తన మొగుడు ఏదో ఒక రోజు లారీ కింద పడిపోతాడని. తునిలో బండి కదిలిన దగ్గర్నుంచి ఆ భయం నా చెవిన పడుతూనే ఉండేది. అన్నవరం దాటేసరికి ఒక ఫోను, కత్తిపూడి మలుపులో ఇంకో ఫోను. "మావా, ఎక్కడున్నావ్?" అని ఆమె. "నీ ఫోను ఎత్తబోయే పోతానే ఎప్పుడో" అని అతని నవ్వు.

ఆమె భయమంతా రోడ్డు మీదే పెట్టుకుంది. నా మీద పెట్టుకోలేదు. ఇంటి ముందు ఆగి ఉన్న బండిలో, పట్టపగలు, చిన్న కూతురు గుమ్మంలో కూర్చుని మరమరాలు తింటూ ఉండగా ఏమవుతుందని ఎవరు మాత్రం భయపడతారు?

నేను పుట్టిన ఫ్యాక్టరీలో సీసం కరిగించి జల్లెడలాంటి పలకలు పోసేవారు. అక్కడి పనివాళ్ళు షిఫ్టు దిగేటప్పుడు బెల్లం ముక్క బుగ్గన పెట్టుకునేవారు. బెల్లం తింటే లోపలికి పోయిన సీసం పొడి కొట్టుకుపోతుందని వాళ్ళ నమ్మకం. ఆ బెల్లాన్ని యాజమాన్యమే బుట్టల్లో పెట్టించేది. మాస్కులు మాత్రం ఆచితూచి ఇచ్చేది. నా కడుపులో ఆరు గదులు కట్టి, ఆ పలకలు పేర్చి, యాసిడ్ నింపి, పైన ఆరు మూతలు బిగించారు. నెత్తి మీద రెండు సీసపు మొనలు మిగిలాయి. మెకానిక్కులు వాటిని టెర్మినళ్ళు అంటారు. నాకవి కొమ్ములు. ఒకటి ప్లస్, ఒకటి మైనస్.

లోవరాజు దగ్గర నాలుగేళ్ళు పనిచేశాను. పొద్దున్నే తాళం తిప్పితే రెండు క్షణాలు నా బలమంతా ఇచ్చి ఇంజన్ని లేపాలి. అంతే నా బతుకు. లేచిన రోజు బండిని మెచ్చుకుంటారు, లేవని రోజు బ్యాటరీని తిడతారు. మనుషుల దగ్గర ఇది కొత్తేమీ కాదు, ఇంట్లో ఆడవాళ్ళ సంగతీ ఇంతే.

మొన్నటి దసరాకి రత్నం బండి కడిగి పూజ చేసింది. తొమ్మిదో తరగతి సగంలో బడి మానిపించి పెళ్ళి చేసిన పిల్ల ఆమె. ఇప్పటికీ ఏ పనైనా హోంవర్కులా వదలకుండా చేస్తుంది. స్టీరింగుకి బొట్టు, జాకీకి బొట్టు, పానాలకి బొట్టు. బానెట్ ఎత్తించి నా రెండు కొమ్ములకీ బొట్లు పెట్టింది. రాలిపోకుండా కుంకాన్ని నూనెలో కలిపి మరీ పెట్టింది. "మా ఆయన్ని చల్లగా చూడు తల్లీ" అని నాకు దణ్ణం కూడా పెట్టింది. నాకు దణ్ణం పెట్టిన మనిషి ఆమె ఒక్కతే.

తర్వాత కొన్ని నెలలకి నా ప్లస్ కొమ్ముకి తెల్లగా ఉప్పు పట్టింది. మెకానిక్కు వేడినీళ్ళతో కడిగి, బొట్టు కూడా పోయేలా తుడిచి, నల్లటి గ్రీజు దట్టంగా పూశాడు. పైనుండే ఎర్రటి రబ్బరు తొడుగు చిరిగిపోతే పారేశాడు. ఎర్ర వైరు పాడైపోతే చేతిలో ఉన్న నల్ల వైరే వేశాడు. రెండో కొమ్ము బాగానే ఉంది కాబట్టి దాన్ని ముట్టుకోలేదు. ఆ విధంగా నా ప్లస్ నల్లగా అయింది, నా మైనస్ కుంకంతో ఎర్రగా మిగిలింది. ఈ సంగతి నాకు తప్ప ఎవరికీ పట్టలేదు. నాకేమో నోరు లేదు.

ఆ గురువారం పొద్దున నేను ఇంజన్ని లేపలేకపోయాను. లోవరాజు పక్కింటి ఆటో అతని దగ్గర ఛార్జరు తెచ్చి, బానెట్ వాల్చేసి, మధ్యాహ్నం దాకా ఛార్జింగ్ పెట్టాడు. నా వయసులో ఉన్న బ్యాటరీకి అలా పెడితే బలం రాదు, గ్యాసు వస్తుంది. అగ్గిపుల్లంత నిప్పు తగిలితే చాలు, భగ్గుమనే గ్యాసు. నా ఆరు గదులూ దానితో నిండిపోయాయి.

మర్నాడు శుక్రవారం. వారానికి రెండుసార్లు దాలినాయుడు మాస్టార్ని కాకినాడలో డయాలసిస్‌కి తీసుకెళ్ళేది లోవరాజే. ఆయన్ని వేళకి చేర్చాలి. అందుకని ఆ గురువారం మధ్యాహ్నమే కొత్త బ్యాటరీ కొని తెచ్చాడు. షాపులో బిగించే మనిషి అమ్మవారి జాతరకి పోయాడు. "రేపు మధ్యాహ్నం వచ్చి బిగిస్తాడు, నువ్వు ముట్టుకోకు" అన్నాడట షాపతను.

"రెండు నట్లు విప్పి రెండు నట్లు బిగించడానికి మధ్యాహ్నం దాకా ఏటి?" అన్నాడు లోవరాజు, పదో నంబరు పానా తీస్తూ.

రత్నం కొత్త బ్యాటరీతో వచ్చిన కార్డు చేతిలో పట్టుకుని గుమ్మం దిగింది. చీమల్లాంటి అక్షరాలు. వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది.

"మావా, చేతికి ఉంగరాలవీ ఉండకూడదట. తియ్యి."

"పెళ్ళప్పుడు మీ నాన్న పెట్టిన ఉంగరమే. తీస్తే మళ్ళీ నువ్వే ఏడుస్తావు."

"తియ్యి ముందు."

తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"కళ్ళకి అద్దాలు పెట్టుకోవాలట."

"నల్లద్దాలు పెట్టుకుని బ్యాటరీ మారిస్తే గంగాలమ్మత్త దిష్టి తగులుతాదే."

ఎదురింటి అరుగు మీద బియ్యం ఏరుకుంటున్న గంగాలమ్మ తలెత్తింది. "నీ మొహానికి నా దిష్టి ఒకటి తక్కువ!" అంది. ముగ్గురూ నవ్వారు. ఆ నవ్వులో అద్దాల మాట పోయింది.

"ముందు మైనస్ తియ్యాలి, తర్వాత ప్లస్. బిగించేటప్పుడు ముందు ప్లస్, ఆఖర్న మైనస్."

"కుడికాలు ముందా, ఎడంకాలు ముందా అది కూడా రాశాడా? సరే, మైనస్ ఏదో చెప్పు."

రత్నం వేలు కిందికి జరిపింది. "ఎరుపు ప్లస్. నలుపు మైనస్."

లోవరాజు నా మీదికి వంగాడు. ఒక కొమ్ము ఎర్రగా, ఒక కొమ్ము నల్లగా. ఇంకేం సందేహం? భార్య చదివినట్టే, కార్డులో రాసినట్టే, నల్లగా ఉన్నదాని మీద పానా వేశాడు. గ్రీజు కింద పొడుచుకొచ్చిన ప్లస్ గుర్తు ఉంది. ఒక్కసారి గుడ్డతో తుడిచి ఉంటే కనబడేది.

పానా సగం తిరిగింది. దాని రెండో చివర బండి రేకుకి తగిలింది. నా మైనస్ ఇంకా బండికి బిగించే ఉంది. అది ముందు విప్పి ఉంటే పానా ఎక్కడ తగిలినా ఏమయ్యేది కాదు. ఇప్పుడు నీలంగా నిప్పు లేచింది, నా కడుపులో గ్యాసు అంటుకుంది, నేను పగిలిపోయాను.

చేతనైతే ఆ యాసిడ్‌ని నాలోనే పట్టి ఉంచుకునేదాన్ని. అది అతని మొహం మీదికి పోయింది.

రత్నం మొదట పిల్లని గుమ్మంలోంచి లోపలికి నెట్టి గడియ పెట్టింది. తర్వాత మొగుడి రెక్క పట్టుకుని నీళ్ళ డ్రమ్ము దగ్గరికి లాక్కెళ్ళింది. గంగాలమ్మ పరిగెత్తుకొచ్చింది. "నీళ్ళు పోయకే గుంటా! యాసిడ్ మీద నీళ్ళు పోస్తే ఇంకా పొక్కిపోద్ది! కొబ్బరినూనె పొయ్యి!"

"కార్డులో నీళ్ళే రాశారత్తా!"

"కార్డు కాలిపోనూ! కార్డు చదివే కదే ఇంత పని చేసుకున్నారు!"

రత్నం చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఒక్క క్షణమే. తర్వాత అతని రెప్పలు తన వేళ్ళతో విప్పి పట్టుకుని చెంబు మీద చెంబు పోసింది. అతను అరుస్తున్నా, తోసేస్తున్నా పోసింది. అతని చొక్కా తన చేతులతోనే చింపి తీసింది. డ్రమ్ము అడుగు కనబడేదాకా ఆపలేదు.

నన్ను ఎవరూ అక్కణ్ణుంచి వెంటనే తీయలేదు. రెండో రోజు ఆటో అతను చేతులకి ప్లాస్టిక్ సంచులు కట్టుకుని నన్ను బండిలోంచి దించి గోడవార పెట్టాడు. ఆ శుక్రవారం మాస్టారు వేరే బండిలో వెళ్ళారట, గంట ఆలస్యంగా. మొగుణ్ణి ఆసుపత్రి నుంచి తీసుకొచ్చాక రత్నం, పిల్ల ముట్టుకోకుండా నా మీద కోళ్ళగంప బోర్లించి పైన రాయి పెట్టింది. పదకొండు రోజులు గంప సందుల్లోంచే ఆ ఇల్లు చూశాను.

లోవరాజు ఎడమ కన్ను పోయింది. కుడి కన్ను దక్కింది. అంతసేపు నీళ్ళు పోయబట్టే ఆ ఒక్కటైనా మిగిలిందన్నాడట డాక్టరు. వచ్చేపోయేవాళ్ళతో గంగాలమ్మ చెబుతుండేది: "నేనే అన్నాను, నీళ్ళు పొయ్యవే అని." రత్నం కాదనలేదు. వచ్చినవాళ్ళందరూ లోవరాజు కన్ను చూసి, అయ్యో అని, టీ తాగి వెళ్ళేవారు. టీ గ్లాసులు తెచ్చిన చేతుల్ని ఎవరూ చూడలేదు. రెండు అరచేతులూ ఆ యాసిడ్‌కి తోలు ఊడి, వేళ్ళ సందుల్లో పచ్చిగా ఉన్నాయి. సబ్బునీళ్ళు తగిలినప్పుడల్లా పెదవి కొరుక్కుని గిన్నెలు తోమేది. పిల్లకి అన్నం చెంచాతో పెట్టేది. "చేత్తో పెట్టమ్మా" అని అది రోజూ గోల చేసేది. రోజూ ఏదో ఒక కథ చెప్పి చెంచాతోనే తినిపించేది.

పన్నెండో రోజు పాత ఇనుము కొనే అతను రిక్షా తొక్కుకుంటూ వచ్చాడు. గంప ఎత్తి నన్ను చూసి పకపకా నవ్వాడు.

"ఇదేంటమ్మా, మైనస్సుకి బొట్టు పెట్టారు! బ్యాటరీకి పెళ్ళి చేశారేంటి? ఇలా ఎర్రగా ఉంటే ఎవడైనా ప్లస్ అనుకుంటాడు."

అతను సరదాకే అన్నాడు. రత్నం మొహంలో రంగు పోవడం నేను చూశాను. నా మీదికి వంగి చూసింది, నల్ల గ్రీజు చూసింది, ఎర్ర కుంకం చూసింది. తర్వాత చేతులు రెండూ కొంగు కింద దాచుకుంది. లోపల మంచం మీద లోవరాజు "ఏటంటున్నాడే?" అని అడిగాడు. "ఏటీ లేదు మావా" అంది.

ఇప్పుడు నేను ఊరి చివర సీసం కరిగించే కొలిమి దగ్గర, నాలాంటివాటి గుట్టలో ఉన్నాను. గొడ్డలితో చీలుస్తారు, పలకలు కరిగిస్తారు, మళ్ళీ ఎక్కడో బ్యాటరీనై పుడతాను. నాకోసం ఏమీ అడగను.

మీరు తుని వైపు వస్తే లోవరాజు ఇల్లు ఎవరినడిగినా చెబుతారు. అతని కన్ను సంగతి అడగకండి, అది ఊరంతా అడిగింది. రత్నాన్ని బయటికి పిలవండి. ఏమీ లేదు, బాగానే ఉన్నాను అంటుంది, నమ్మకండి. ఆ కొంగు కింద చేతులు ఒక్కసారి చూపించమని అడగండి. చూశాక ఊరికే వెనక్కి రాకండి, ఆమెని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.