ఆరున్నొకటి

మనిషిని నమ్మడం కూడా సరుకు కొనడం లాంటిదే. బస్తా పైన ఉన్న గింజలు చూసి కొంటాం, అడుగున ఏముందో ఇంటికెళ్ళాక తెలుస్తుంది. ఇరవై ఏళ్ళు కోళ్ళ దాణా అమ్మినవాణ్ణి, ఏ బస్తానీ అడుగుదాకా చూడకుండా కొనలేదు. నా బావమరిదిని మాత్రం పైగింజలు చూసే నమ్మాను.

రోడ్డు వెడల్పులో నా కొట్టు పోతుందని తేలింది. దాంతో నలభైకి రెండేళ్ళు తక్కువలో రైలు డ్రైవర్ పరీక్షకు దిగాను. ఆ పరీక్ష ఎవరికైనా బతుకులో రెండుసార్లే. మొదటిసారి నేను చుక్కల దగ్గరే పోయాను. కాగితం నిండా చుక్కల గుంపులుంటాయి. నాలుగేసి ఉన్నవాటికే గీత పెట్టుకుంటూ పోవాలి, గంట మోగేలోపు. నేను బియ్యంలో రాళ్ళేరినట్టు ఏరుతూ కూర్చున్నాను. ఇక మిగిలింది ఒక్క అవకాశం.

రెండోసారికి బావమరిది తోడొచ్చాడు. పార్సిళ్ళ గోదాములో వ్యాన్ నడుపుతాడు. అతడికిదే మొదటిసారి. ఐదు నెలలపాటు రోజూ మధ్యాహ్నం, బేరాలు పల్చబడే వేళ, కొట్లో బస్తాల మీద కూర్చుని సాధన చేశాం.

"బావా, చేయి కదులుతోందా, ఫొటోకి కూర్చున్నావా?"

"నోరు మూసుకుని గడియారం చూడరా."

"చూస్తున్నా. నీ మీద జాలేసి ముల్లే ఆగిపోయింది."

నవ్వించేవాణ్ణి ఎవరూ తూకం వేయరు.

ఇంటర్వ్యూలో ఒక ప్రశ్న తప్పకుండా వస్తుందని మాకు తెలుసు. మీ పొరపాటు వల్ల ప్రమాదం జరగబోయిన సంగతి చెప్పండి, అప్పుడేం చేశారు? నిజంగా జరిగిందే చెప్పాలి. నా దగ్గర అలాంటిది ఒకటుంది.

కొలిచేటప్పుడు మా నాన్న ఏడు అనేవాడు కాదు. ఏడంటే ఏడుపని. ఆరు తర్వాత ఆరున్నొకటి, ఆపైన ఎనిమిది. నాకూ అదే అలవాటు. ఒకరోజు ఒక ఫారానికి కోడిపిల్లలకు పెట్టే మందు దాణా పంపుతూ, బండివాడికి ఫోన్లో "షెడ్డు ఆరున్నొకటి" అన్నాను. అతడు ఆరు, ఒకటి అని రాసుకున్నాడు. సగం ఆరో షెడ్డులో, సగం ఒకటో షెడ్డులో దించాడు. ఆ రెండింటిలోనూ గుడ్లు పెట్టే కోళ్ళున్నాయి. అవి ఆ మందు తింటే గుడ్లు మనుషులు తినడానికి పనికిరావు. బండివాడు తిరిగొచ్చి చెప్పగానే ఫారం యజమానికి ఫోన్ చేసి, తప్పు నాదేనని చెప్పాను. బస్తాల మూతులు విప్పకముందే అవి షెడ్ల నుంచి బయటికొచ్చాయి. ఆరోజు నుంచి ఏడుని ఏడనే అంటాను. చెప్పిన అంకెని అవతలివాడి చేత తిరిగి చెప్పిస్తాను.

"ఇది బంగారం బావా! నాకిలాంటిది ఒక్కటీ లేదే."

"ఎందుకు లేదు? హ్యాండ్‌బ్రేక్ వేయకుండా దిగితే వ్యాను గేటుదాకా జారింది. నువ్వే వెళ్ళి మీ సూపర్‌వైజరుకి చెప్పుకున్నావు."

"డ్రైవర్ ఉద్యోగానికెళ్ళి బ్రేకు మర్చిపోయానని చెప్పుకోనా? బాగుంది నీ సలహా!"

ఇద్దరం నవ్వుకున్నాం.

పరీక్షలన్నీ ఇద్దరం గట్టెక్కాం. ఇంటర్వ్యూ అతడికి పదింటికి, నాకు పదకొండింటికి పడింది. పదిన్నరకు బయటికొచ్చినవాణ్ణి ఏమడిగారని అడిగాను. "మామూలే బావా" అని, నన్ను పిలిచేదాకా పక్కనే నిలబడి, నా కాలరు సరిచేసి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

లోపల ఇద్దరున్నారు. ఒకావిడ పాతికేళ్ళు రైలు నడిపిన మనిషి, పక్కనాయన రాసుకునేవాడు. ఆ ప్రశ్న రానే వచ్చింది. నేను మొదలుపెట్టాను. ఆరున్నొకటి అనగానే ఆయన కలం ఆగింది. ఇద్దరూ ముఖాలు చూసుకున్నారు.

"ఈ మాట పొద్దున్నే ఒకసారి విన్నామండీ," అందావిడ. "ఫారం అదే, షెడ్లూ అవే. ఆయన తన అనుభవమనే చెప్పారు."

పదిన్నర నుంచి పదకొండు దాకా అతడు నా పక్కనే నిలబడ్డాడు. ఒక్క మాట చెప్పినా నేను ఇంకేదో వెతుక్కునేవాణ్ణి. అతడు కాలరు సరిచేశాడు.

"అది నాదండీ," అన్నాను.

"కావచ్చు. రేపు సాయంత్రంలోగా రుజువు తెండి. లేకపోతే రెండోసారి చెప్పినవారిదే కాపీ అనుకోవాల్సి వస్తుంది."

ఇంటికెళ్ళేసరికి వంటింట్లో మా ఆవిడా, ఆమె తమ్ముడూ టీ తాగుతున్నారు.

"ఏం పనిరా ఇది?" అన్నాను.

"నీకు మాటలకేం కరువు బావా? ఇంకోటి చెప్తావనుకున్నా."

"మరి బయట నాతో ఎందుకనలేదు?"

జవాబు వాళ్ళక్క దగ్గర నుంచి వచ్చింది.

"నన్నడిగే చెప్పాడండీ. నేనే సరేనన్నా."

ఆమె టీ గ్లాసు కింద పెట్టింది.

"మీరు ఇసుక కూడా అమ్ముకుని బతగ్గలరు. వాడు బతకలేడు. వాడి పరువు తీయకండి, ఈ ఒక్కసారికి ఊరుకోండి."

"నాకున్నది ఈ ఒక్కసారేనే! వాడికి ఇంకోటుంది."

"మోసం చేశాడని తేలితే ఇంకోటి మాత్రం ఉంటుందా?" అంది.

అంటే లెక్క మొత్తం ముందే వేసుకుంది. తక్కెడలో ఏ వైపు ఎవరిని పెట్టాలో కూడా. బతకనేర్చినవాడు మునిగినా తేలతాడని, పదిహేనేళ్ళు నాతో కాపురం చేసిన మనిషి నన్ను నీళ్ళలోకి తోసింది.

మర్నాడు పొద్దున్నే ఫారానికి వెళ్ళాను. యజమాని జరిగిందంతా తేదీతో సహా రాసి సంతకం పెట్టాడు. "మీ బావమరిది ఆరోజు ఇక్కడెక్కడున్నాడయ్యా?" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. బస్సులో ఆ కాగితం ఒళ్ళో పెట్టుకుని, చింపేద్దామా అని రెండుసార్లు అనుకున్నాను. చింపితే ఇంట్లో టీ దొరుకుతుంది. అంతకు మించి ఏం మిగులుతుందో ఎంత కూడినా తేలలేదు.

ఇంటర్వ్యూ గదిలో ఆవిడ కాగితం రెండుసార్లు చదివి పక్కన పెట్టింది.

"ఆ అభ్యర్థి మీకేమవుతారు?"

ఎవరడిగినా "మావాడు" అనడం నాకలవాటు. నోటిదాకా వచ్చింది.

"నా భార్య తమ్ముడండీ," అన్నాను.

ఆవిడ అలాగే రాసుకుంది.