ఎంగిలి ముక్క

వాచీలు బాగుచేసే ఆయన నోట్లో నాలుక లేని మనిషి. ఇంట్లో మాటలన్నీ అక్కే మాట్లాడేది, మిగిలినవేమైనా ఉంటే చిలుక మాట్లాడేది. అక్క పోయాక చిలుకా నోరు మూసుకుంది. ఇక ఆ ఇంట్లో గడియారాలదే గోల.

చిలుకను గడుగ్గాయి అని పిలిచేవారు. ఏ పండైనా సరే, అక్క సగం కొరికి మిగతా సగం పెడితేనే తినేది, మహారాణి మరి! ఆయనా పంజరం దగ్గర నిలబడి అలాగే కొరికి పెడుతూ వచ్చాడు. ఓ రోజు తుమ్ముతోందని పక్షుల డాక్టరమ్మకు చూపించి, తిండి ఎలా పెడుతున్నాడో చెబితే ఆవిడ తల పట్టుకుంది.

"ఎంగిలి పెడతారా ఎవరైనా? మన నోట్లో క్రిములు వాటికి పడవండి. పండు కడిగి చిన్న ముక్కలు కొయ్యండి. ఆపిల్ గింజల్లో విషముంటుంది, ఒక్కటి కూడా ఉండకూడదు. తినకుండా వదిలేసింది గంటా రెండు గంటల్లో తీసెయ్యండి."

ఆయన పొల్లుపోకుండా చేశాడు. వాచీ పనికి వాడే రకం సన్న పట్టకారు కొత్తది కొని మరీ గింజలు ఏరాడు. ముక్కలు గిన్నెలో వేసి తన పనికి వెళ్లిపోయాడు. గడుగ్గాయి ముట్టలేదు. జామ పెట్టినా అంతే, బొప్పాయి పెట్టినా అంతే. డాక్టరమ్మ ఇచ్చిన మందు పనిచేసి తుమ్ములు తగ్గాయి గానీ, పట్టుకుంటే రొమ్ము ఎముక చేతికి తగులుతోంది. ఆయన గుండెల్లో రాయి పడింది. ఇదీ పోతే అక్కను ఎరిగిన ప్రాణి ఆ ఇంట్లో ఇంకేముంది?

"ఎంగిలే పెట్టేస్తానండీ, లేకపోతే దక్కేలా లేదు," అని డాక్టరమ్మకు ఫోన్ చేశాడు.

"వద్దు. మీరు భోజనం ఎక్కడ చేస్తారు?"

అదేం ప్రశ్నో ఆయనకు అర్థం కాలేదు. "వంటగదిలోనండి. నిలబడే."

"దాని ఎదురుగా కూర్చుని తినండి. మీ ముక్క మీది, దాని ముక్క దానిది."

పంజరం తెచ్చి భోజనాల బల్లమీద పెట్టి తలుపు తీశాడు. అక్క కుర్చీలో కూర్చోడానికి మనసొప్పక పక్క కుర్చీ లాక్కున్నాడు. ఆపిల్ కోసి, గింజలు తీసి, రెండు పళ్లేల్లో వేసి, తన ముక్క కొరికాడు. ఆమె పోయాక ఆయన కూర్చుని తినడం అదే మొదలు.

గడుగ్గాయి మెడ వాల్చి చూసింది. మెల్లగా బయటికొచ్చి, కాలితో ఓ ముక్క అందుకుని కొరకడం మొదలుపెట్టింది. ఆయన నమలడం ఆపి దాన్నే చూశాడు. అదీ ఆపేసింది. ఆయన్ని ఎగాదిగా చూసి, అచ్చం అక్క గొంతుతో అంది.

"ఇంకో ముక్క తినరా."

"తింటున్నానక్కా," అన్నాడాయన.