ప్రభువు పేరిట మోటారు

మోటారును ఎడ్లతో లాగించుకుని కర్నూలు ఆఫీసుకు వెళ్లిన సంఘం మాదొక్కటే అయి ఉంటుంది. నవ్వేవాళ్లు నవ్వుకోండి. ఆ రోజు దారి పొడుగునా అందరూ నవ్వారు, మాకు అలవాటైపోయింది.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు అది. నేను, అంటే ఏసుమణిని, నిజాం ఇలాకాలోని ఒక మిషను ఆసుపత్రిలో నర్సుగా చేసి, కర్నూలుకు పడమట ఏటి ఒడ్డున ఉన్న మా ఊరికి తిరిగి వచ్చేశాను. మా డాక్టరమ్మ తన దేశానికి వెళ్లిపోతూ తన పాత నల్ల మోటారు నాకు రాసిచ్చింది. వెనక సీటు పీకేసి మంచం పట్టేలా చేయించిన బండి. "మీ ఊళ్లో కాన్పు కష్టమైతే ఎడ్లబండిలో తీసుకుపోతారని ఏడ్చావు కదా, ఇక ఏడవకు" అంది. డ్రైవరు ఏసేపుదీ మా ఊరే కావడంతో అతనూ నాతో బయలుదేరాడు. ఎండాకాలం, తుంగభద్రలో నీళ్లు లేవు. రైతు సోమన్న ఎడ్లను కట్టి, ఇసుకలో లాగించి ఇవతలి గట్టు ఎక్కించాం.

బండి మా నాయన ప్రేమయ్య గుడిసె ముందు ఆగినప్పుడు ఊరు ఊరంతా వచ్చి నిలబడింది. ముసలమ్మలు దాని దీపాలను ఒక్క వేలితో తాకి చేయి వెనక్కి తీసుకున్నారు. ఏళ్ల తరబడి అందులో తిరిగినదాన్ని, నాకు కొత్తేముంది అనుకున్నాను. కానీ మా పేటలో, మా గుడిసె ముందు, ఎర్రమట్టి దుమ్ములో అది నిలబడి ఉంటే గుండె ఝల్లుమంది.

ఆ ఆదివారమే దాన్ని ప్రభువుకు కానుకగా ఇచ్చేశాను. మా క్రైస్తవ సంఘంలో ఒక కట్టుబాటు ఉంది. బలిపీఠం ముందుకు తెచ్చినది కోడిపెట్టయినా, కొర్రల మూటయినా ప్రభువుదే, తెచ్చినవాళ్లు మళ్లీ దాన్ని నాది అనకూడదు. మోటారు గుడి వాకిట్లో పట్టలేదు. అందుకని దాని ముక్కు మాత్రం గడప దాకా తెచ్చి ప్రార్థన చేశారు. సంఘపెద్ద లేవి మామ ప్రార్థన మొదలుపెడితే అంత తొందరగా ముగించే మనిషి కాదు. ఆ రోజు ఇంజను సెగకు ముందు వరుసవాళ్లు చెమటలు కక్కారు.

మా పేటలోవాళ్లకే కాదు, ఊరందరికీ బండి ఆసరా అయింది. మగ్గాల వీధిలో ఉండే రామలింగప్ప అంతకు ముందు మా పేటలో కాలు పెట్టిన మనిషి కాదు. అతని భార్య ఉరుకుందమ్మకు పుట్టిన బిడ్డలెవరూ దక్కలేదు. అందరూ కాన్పులోనే పోయారు. ఇప్పుడు మళ్లీ నెలలు నిండుతున్నాయి. రామలింగప్ప రోజూ పొద్దున్నే వచ్చి, మోటారు బాగుందా లేదా అని చుట్టూ తిరిగి చూసుకుని, మగ్గం దగ్గరికి పోయేవాడు.

అంతా బాగుందనుకునేసరికి కర్నూలు పొలిమేరలో పోలీసు జమేదారు బండి ఆపాడు.

"నిజాం నంబరుకు ఈడ గడువు అయిపోయిండాది. కొత్త చట్టమొచ్చిండాది. ఈడ నంబరు, ఇన్సూరెన్సు రెండూ లేకుండా ఇంకో తూరి నడిపితే బండి జప్తు చేస్తాం" అన్నాడు.

మరుసటి రోజు పొద్దున రామలింగప్ప యథాప్రకారం వచ్చాడు. సంగతి విని, "మా ఆడమనిషికి నొప్పులొస్తే ఎట్లమ్మా?" అని అడిగాడు. ఆ మాట పట్టుకుని నేను నేరుగా లేవి మామ ఇంటికి పోయాను.

పెద్దలు గుడిలో కూర్చున్నారు. బండిని ఆఫీసుకు తీసుకుపోయి చూపిస్తే గాని నంబరు ఇవ్వరు. నంబరు లేకుండా నడపకూడదు. మరి తీసుకుపోయేదెట్లా? లేవి మామ గడ్డం నిమురుకుని, "నడపొద్దన్యాడు గాని లాగొద్దన్లేదు గదప్పా" అన్నాడు. అందరికీ అది బైబిల్లోని సొలొమోను రాజు తీర్పులాగే తోచింది. సోమన్న మళ్లీ ఎడ్లను తోలుకొచ్చాడు.

ఎనిమిది మైళ్లు. ఏసేపు చక్రం పట్టుకుని కూర్చున్నాడు, ముందు ఎడ్లు, వెనక మేము. రామలింగప్ప కూడా మగ్గం ఆపి వచ్చాడు. జొన్నచేలల్లో కలుపు తీస్తున్న ఆడవాళ్లు నడుములెత్తి చూసి పడీపడీ నవ్వారు. నాకు మొదట సిగ్గేసింది, తర్వాత కోపమొచ్చింది. తిరిగి చూస్తే మా పేట మొత్తం దుమ్ము కొట్టుకుపోయి మోటారు వెంట నడుస్తోంది. ఒక్కరూ తల దించుకోలేదు. దాంతో నా సిగ్గూ కోపమూ రెండూ పోయాయి. వీళ్లలో ఇంత ఉందా అని ఆశ్చర్యపోయాను.

మోటారు ఆఫీసులో ఇన్‌స్పెక్టరు వయసు మళ్లిన మనిషి. ఎడ్లను చూశాడు, మమ్మల్ని చూశాడు, కాగితాల కోసం చేయి చాపాడు. లేవి మామ అందమైన దస్తూరితో నింపి తెచ్చిన దరఖాస్తు ఆయన ముందు పెట్టాడు. యజమాని పేరు అన్నచోట, యేసుక్రీస్తు ప్రభువు. విలాసం అన్నచోట, పరలోకం, తర్వాత మా ఊరి గుడి.

ఇన్‌స్పెక్టరు నవ్వుతాడని భయపడ్డాను. ఆయన నవ్వలేదు.

"దేవుళ్ల పేరిట మాన్యాలు ఉన్నాయి, నేనూ చూశాను. కానీ పెద్దాయనా, భూమి కదలదు. మోటారు కదులుతుంది" అని, పక్క బల్ల దగ్గరున్న ఇన్సూరెన్సు ఏజెంటును చూపించాడు.

ఏజెంటు కుర్రతనం పోని పట్నం మనిషి. అయినా ఓపిగ్గానే చెప్పాడు. "ఇన్సూరెన్సు మీ బండికి కాదు. మీ బండి కింద పడే మనిషికి. ఎవరన్నా పడితే వాళ్ల ఇంటివాళ్లు ఎవరి మీద దావా వేయాలి? ఆ పేరు కావాల."

లేవి మామ తెల్లబోయాడు. "ప్రభువును కోర్టుకు ఈడుస్తారా!" అని గట్టిగా అరిచేశాడు. వరండాలో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. ఆయన ఎకసెక్కానికి అన్న మాట కాదది, నిజంగానే భయపడ్డాడు.

ఇక ఎవరి పేరు? పెద్దలు ఒకరినొకరు చూసుకున్నారు. ఒకరికి చేను ఉంది, కేసు వస్తే పోతుంది. ఒకరి ఇంట్లో ఒప్పుకోరు. బండిని చూసి మురిసినవాళ్లందరికీ ఒక్కసారిగా పనులు గుర్తొచ్చాయి. రామలింగప్ప ఒక్కొక్కరి ముఖంలోకి చూస్తున్నాడు. పేరు రాసేవాళ్లు లేకపోతే ఎడ్లు ఆ బండిని మళ్లీ ఊరికి లాక్కుపోతాయి, అది కొట్టంలోనే పడి ఉంటుంది. ఉరుకుందమ్మకు మళ్లీ ఎడ్లబండే గతి.

అప్పటిదాకా గోడ పక్కన కూర్చున్న మా నాయన లేచి వచ్చాడు.

"సారూ, కింద పడినోళ్లు ఎవురైనా ఒకటేనా?"

"ఎవరైనా ఒకటే" అన్నాడు ఏజెంటు.

"కూలోళ్లైనా?"

"కూలివాళ్లయినా అంతే."

"బండి ఎంత పెద్దోళ్లదైనా, బదులు చెప్పల్లనా?"

"చెప్పాల్సిందే."

మా నాయన తిరిగి గోడ పక్కకు పోయి కూర్చున్నాడు. ఆయన ఎందుకు అడిగాడో నాకు తెలుసు. మా అమ్మ బండి కిందే పోయింది. నాయన జీతమున్న ఇంటివాళ్ల జొన్నల బండి, దిబ్బ దిగుతూ అదుపు తప్పింది. ఆ ఇంటాయన ఒక మూట జొన్నలు పంపించాడు. నాయన చేతులు కట్టుకుని నిలబడి తీసుకున్నాడు. తప్పెవరిదని ఎవరూ ఎవరినీ అడగలేదు. అడగవచ్చని కూడా మాకు తెలియదు.

ఇప్పుడు ఈ బల్ల మీది కాగితం ఏమంటోంది? ఇంకా ఏమీ జరగకముందే, ఎన్నడూ చూడని మనిషికి, ఏ దారిన పోయే కూలిమనిషికైనా సరే, బండి ఉన్నవాళ్లు ముందుగానే పూచీ పడాలంటోంది. ఎంత గొప్ప మాట! గుడిలో ఎన్నో ప్రసంగాలు విన్నాను. ఏ ప్రసంగమూ నన్ను ఇంతగా కదిలించలేదు. లోకంలో ఇలాంటి ఆలోచన చేసినవాళ్లు ఉన్నారా అని ఆ కాగితం మీది ముద్రల వంక చూస్తూ ఉండిపోయాను.

"నా పేరు రాయండి" అన్నాను.

లేవి మామ నన్ను వింతగా చూశాడు. "ఏసుమణీ, ఇచ్చిన కానుక ఎనక్కి తీసుకుంటాండావా?"

"బండి చేసే మేలు ప్రభువుదే మామా. కీడు జరిగితే మాత్రం నాది. దాన్ని ఆయన నెత్తిన ఎట్లా పెడతాం?"

లేవి మామ కొత్త దరఖాస్తు అడిగి తీసుకున్నాడు. పాతదానిలో ప్రభువు పేరు కొట్టేయడానికి ఆయనకు చేయి రాలేదు. దాన్ని మడిచి బైబిలులో పెట్టుకుని, కొత్తదానిలో నా పేరు రాశాడు.

ఇన్‌స్పెక్టరు బండి కిందా మీదా చూశాడు. ఇంజను మీది అంకెలు రాసుకున్నాడు. బ్రేకులు చూడాలని ఏసేపుతో ఆవరణలోనే నడిపించాడు. మేము వరండాలో కూర్చున్నాం. ఎండ మెట్ల మీది నుంచి దిగిపోతుండగా గుమాస్తా తలుపు దగ్గరికి వచ్చి కేకేశాడు.

"మోటారు యజమాని ఎవరప్పా? లోపలికి రావల్ల!"

మేమంతా గేటు వైపు చూశాం. సిగ్గుచేటు, నేనూ చూశాను. ఆ మాట వింటే ఎవరో పెద్దమనిషి వస్తున్నాడని మా మెడలు వాటంతట అవే తిరుగుతాయి. మా నాయన లేచే నిలబడ్డాడు. మా పేట మగవాళ్లు యజమాని ఎదురైతే భుజం మీది తువ్వాలు తీసి నడుముకు చుట్టుకుని పక్కకు తొలగాలి. నాయన తువ్వాలు తీశాడు, స్తంభం పక్కకు జరిగాడు, తల దించాడు.

గేటు దగ్గర ఎవరూ లేరు. గుమాస్తా విసుక్కుని, కాగితం చూసి, నా పేరు పిలిచాడు.

నేను లేచాను. రామలింగప్ప దారి ఇచ్చాడు. నాయన తలెత్తి నన్ను చూశాడు. ఇక తువ్వాలు భుజాన వేసుకుంటాడనుకున్నాను. వేసుకోలేదు. నడుముకు ఇంకాస్త బిగించి, చేతులు కట్టుకుని, అక్కడే నిలబడ్డాడు. నాకు దుఃఖం, కోపం కలిసి వచ్చాయి. ఎవరి ముందైనా చేతులు కట్టుకోనీ, కన్నకూతురి ముందు కూడానా!

"నాయనా, తువ్వాలు భుజం మీద యేసుకో" అన్నాను.

"ఉండనీ తల్లీ" అన్నాడు. ఆయన కళ్లు మెరుస్తున్నాయి. "ఇన్నేండ్లూ భయపడి తీసినా. ఈ పొద్దు నాకై నేను తీసినా. ఈ ఒక్క తూరి నన్ను ఇట్లే నిలబడనీ."

ఆ గౌరవాన్ని ఎలా మోయాలో నాకు తెలియలేదు. ఆయన్ను దాటుకుని లోపలికి వెళ్లి, గుమాస్తా వేలు పెట్టి చూపించిన చోట సంతకం చేశాను.