తలుపు లేని గది

వడ్రంగి తన కూతురి గది తలుపు ఊడదీసి పనిశాలలో గోడకి ఆనించాడు. పిల్ల తొమ్మిదో తరగతి తప్పింది. ఎప్పుడు చూసినా ఫోనులోనే ముఖం. చాటు లేకపోతే అదే దారికొస్తుంది అనుకున్నాడు. వంకర చెక్కని చిత్రిక పట్టినంత తేలిక అనుకున్నాడు.

కూతురు ఏడవలేదు. గుమ్మానికి దుప్పటి కట్టుకుంది.

మర్నాడు అతని అక్క వచ్చింది. దుప్పటి చూసి బుగ్గలు నొక్కుకుంది.

"ఎదిగిన పిల్ల గదికి తలుపు పీకావా? ఊరందరికీ తలుపులు చేస్తావు, నీ ఇంటికి గుడ్డముక్కా?"

"దాని రోగానికి అదే మందు."

"రోగం అంటించిందెవరురా? తల్లి పోయి పిల్ల ఏడుస్తుంటే, ఆ ఫోను చేతిలో పెట్టి నోరు మూయించింది నువ్వు కాదూ?"

"నీకేం, కబుర్లకి బావ ఉన్నాడు. నాకు పనుంది."

"మరి పిల్లకెవరున్నారు?"

అతను రంపం అందుకున్నాడు. అక్క మంచినీళ్లు కూడా ముట్టకుండా వెళ్లిపోయింది.

సాయంత్రం అతను తిన్న కంచం కడుగుతుంటే దుప్పటి వెనక మాటలు వినిపించాయి. తలుపుంటే వినపడేవి కావు. ఫోను ఆటలో కలిసిన స్నేహితురాలెవరో స్పీకరులో అడుగుతోంది.

"తిన్నావా?"

"లేదు. నాన్న తిని లేచాక తింటా."

"కలిసి తినొచ్చుగా?"

"అమ్మ పోయాక మా ఇంట్లో ఎవరి కంచం వాళ్లదే. నేను ఎదురుగా కూర్చుంటే ఆయనకి ముద్ద దిగదు. నాది అమ్మ పోలికలే."

కూతురు నవ్వింది. అవతలి పిల్ల నవ్వలేదు.

అతను కడిగిన కంచాన్నే మళ్లీ కడిగాడు. భార్య కళ్లు ఆ ముఖంలో కనపడితే తట్టుకోలేక తల తిప్పుకున్నాడు, నిజమే. పిల్లకేం తెలుస్తుందిలే అనుకున్నాడు.

తలుపు మోసుకొచ్చాడు. దుప్పటి తొలగించగానే కూతురు గబుక్కున ఫోను దిండు కింద దాచింది. ఆ బెదురు చూసి అతనికి తల కొట్టేసినట్టయింది.

మరలు బిగించాడు. తలుపు ఎక్కడా పట్టెయ్యకుండా ఆడింది. పనిలో వంక లేదు.

"తిన్నావా?" అన్నాడు, తలుపు వైపే చూస్తూ.

కూతురు వెనక్కి తిరిగి చూసింది. గదిలో ఇంకెవరూ లేరు.

"అడుగుతున్నది ఎవర్ని?" అంది.

అతను వంగి, కింద పడని మర కోసం నేలంతా వెతికాడు.